రాణిగారు రైలెక్కిన రోజు: తొలినాళ్ల రాజప్రయాణాల గురించి

పాతపటాలు | శుక్రవారం, రాత్రి 9:14

వేదిక మిత్రులందరికీ నమస్కారం.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ వారం రైలు చరిత్ర చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాష్టారూ, రైలు కొత్తగా వచ్చినప్పుడు రాజులు ఎక్కారా, లేక ముందు మనలాంటి వాళ్లను ఎక్కించి చూశారా?" అని అడిగింది. తెలిసినంత చెప్పాను కానీ ఇంటికి వచ్చాక నాకే తృప్తి కలగలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు తెలిసింది ఇది. విక్టోరియా రాణి మొదటిసారి రైలెక్కింది 1842 జూన్ 13న. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. విండ్సర్ కోట దగ్గరకు ఇంకా పట్టాలు పడలేదు. గుర్రపు బగ్గీలో స్లౌ స్టేషనుకు వచ్చి, అక్కడ గ్రేట్ వెస్టర్న్ కంపెనీ బండి ఎక్కి, లండన్‌లో ప్యాడింగ్టన్ దగ్గర దిగింది. దూరం సుమారు 18 మైళ్లు, పట్టిన సమయం 25 నిమిషాలు. ఇంజను నడిపినవాడు ఆ కంపెనీ ఇంజన్ల పెద్ద డేనియల్ గూచ్. పక్కన నిలబడినవాడు ఆ లైను కట్టిన ఇంజనీరు బ్రూనెల్. లెక్క వేస్తే గంటకు 43 మైళ్లు. గుర్రం పరుగును మించిన వేగం మనిషి ఒంటికి అలవాటే లేని కాలమది.

నన్ను ఆలోచనలో పడేసినవి ఆ తేదీకి ముందున్న రెండు తేదీలు. మే 8న ఫ్రాన్సులో, వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగి వస్తున్న బండి ఇంజను ఇరుసు విరిగి, మ్యూడన్ దగ్గర పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడి అంటుకున్నాయి. పెట్టెల తలుపులకు బయటి నుంచి తాళాలు వేసి ఉన్నాయి. యాభై మందికి పైగా లోపలే కాలిపోయారు. ఆ వార్త యూరప్ అంతా పాకింది. మే 30న లండన్‌లో ఒకడు రాణి బగ్గీ మీదకు పిస్తోలు పేల్చాడు. ఇవి రెండూ జరిగిన కొద్ది రోజులకే ఆమె రైలెక్కింది. ఎందుకు ఎక్కింది? ఎవరు ధైర్యం చెప్పారు? తెలిసినవారు రాయండి.


లీడ్స్ లలిత | శుక్రవారం, రాత్రి 11:40

మాష్టారుగారూ, మంచి ప్రశ్న అడిగింది ఆ అమ్మాయి.

ధైర్యం చెప్పినవారు ఇంట్లోనే ఉన్నారు. భర్త ఆల్బర్ట్ 1839లోనే ఆ లైను మీద ప్రయాణించాడు. ఆయనకు యంత్రాలంటే ప్రాణం. పైగా రాణివాసంలో రైలెక్కిన మొదటి మనిషి విక్టోరియా కాదు. ఆమె పెదనాన్న భార్య, అంటే అంతకు ముందున్న రాజుగారి రాణి అడిలేడ్, 1840లోనే నాటింగ్‌హామ్ నుంచి మా లీడ్స్ వరకు రైల్లో వచ్చింది. ఆ అడిలేడ్ రాణి కోసం 1842లో కట్టిన పెట్టె ఇక్కడ యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. మా ఇంటి నుంచి దగ్గరే కాబట్టి నాలుగైదు సార్లు చూశాను.

అది చూస్తే మనసు అదోలా అయిపోతుంది. రైలుపెట్టెలా ఉండదు. గుర్రపు బండ్ల మీది గూళ్లను తెచ్చి పక్కపక్కన అతికించి, కింద ఇనుప చక్రాలు బిగించినట్టు ఉంటుంది. అప్పటికి రైలుపెట్టె ఎలా ఉండాలో ఎవరికీ ఒక ఊహ లేదు కదా. కట్టినవాళ్లూ బగ్గీలు చేసే వడ్రంగులే. లోపల స్థలం చాలా తక్కువ. రాణి పడుకోవాలంటే సీట్ల మధ్య పలక వేసి పరుపు పరవాలి. అప్పటికీ కాళ్లు చాపుకోవడానికి చోటు చాలదు. అందుకని వెనక గోడలోంచి బయటకు పొడుచుకు వచ్చేలా ఒక చిన్న పెట్టె కట్టి, పాదాలు అందులోకి వెళ్లేలా అమర్చారు. ఒక దేశపు రాణి, కాళ్లు సామాను అరలో పెట్టుకుని నిద్రపోయింది. మన ఊళ్లో స్లీపర్ క్లాసు బెర్తు కూడా అంతకన్నా పొడుగే.


కాజీపేట స్టీమ్ | శనివారం, ఉదయం 6:05

మాష్టారూ, లలితమ్మా, ఇద్దరికీ ఆశీస్సులు. నేను ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. పెట్టె సంగతి మీరు చెప్పారు, నేను ఇంజను సంగతి చెబుతాను.

ఆ రోజు రాణిని లాగిన ఇంజను పేరు ఫ్లెగెథాన్. గ్రీకువారి పురాణంలో పాతాళంలో పారే నిప్పుల నది అది. మన వైతరణి లాంటిదన్నమాట. రాణి ఎక్కే బండికి అటువంటి పేరున్న ఇంజను కట్టడానికి మనవాళ్లయితే ఒప్పుకునేవారు కాదు!

ఆ కాలపు ఇంజను మీద డ్రైవరుకు తలదాచుకునే గది లేదు. పైకప్పు లేదు, ఎదురుగా అద్దం లేదు. నిలబడేందుకు ఒక ఇనుప పలక, పట్టుకోవడానికి చుట్టూ కమ్మీ, అంతే. గంటకు 43 మైళ్ల వేగంలో ఎదురుగాలి కళ్లలో సూదులు గుచ్చినట్టు కొడుతుంది. బొగ్గు నలుసు ఒక్కటి కంట్లో పడితే ఆ పూటంతా నీళ్లు కారుతూనే ఉంటాయి. మా రోజుల్లో గది ఉండి కూడా పక్కకు తల పెట్టి చూస్తే అదే బాధ. గూచ్‌కు అప్పటికి పాతికేళ్లు, బ్రూనెల్‌కు 36. ఇద్దరు కుర్రవాళ్లు, వెనక రాణి. వాళ్ల గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

అసలు భయపడాల్సింది వేగానికి కాదు, ఆగడానికి. ఈ రోజు డ్రైవరు ఒక పిడి తిప్పితే బండి మొత్తం మీద, ప్రతి పెట్టె చక్రానికీ బ్రేకు పడుతుంది. 1842లో అది లేదు. ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు మీద చేతి బ్రేకు, బ్రేకు పెట్టెలో గార్డు తిప్పే చేతి బ్రేకు. డ్రైవరు ఈల వేస్తే గార్డు విని, చక్రం తిప్పి బిగించాలి. ప్రయాణికుల బండ్లన్నిటికీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకేసారి పడే బ్రేకు ఉండాలని ఇంగ్లండులో చట్టం వచ్చింది 1889లో. అదీ ఐర్లండులో ఆర్మా దగ్గర పిల్లల విహారయాత్ర బండి ప్రమాదానికి గురై పసివాళ్లు చనిపోయాకనే. అంటే రాణి మొదటి ప్రయాణానికి 47 ఏళ్ల తర్వాత.


వరంగల్ వకీలు | శనివారం, ఉదయం 10:22

మాష్టారు చెప్పిన తాళాల సంగతి మీద ఒక మాట. మ్యూడన్ ప్రమాదం తర్వాత ఫ్రాన్సులో ప్రయాణికులను లోపల పెట్టి తాళం వేసే పద్ధతి మానేశారు. కానీ ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ, అంటే రాణి ఎక్కిన బండి కంపెనీయే, తన పెట్టెల తలుపులకు తాళాలు వేస్తూనే ఉంది. దాని మీద సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడు ఆ వేసవిలోనే పత్రికకు ఘాటైన ఉత్తరాలు రాశాడు. ఆయన వాదన సారాంశం ఇది: రైళ్ల భద్రత గురించి ఇంతవరకు ఎవరికీ పట్టలేదు, గొప్పింటి మనిషి ఒకడు చచ్చిన రోజున అన్ని నియమాలూ వాటంతట అవే పుట్టుకొస్తాయి.

నా దృష్టిలో ఈ చర్చ అంతటికీ ఇదే కీలకం. రాజు ఎక్కితేనే రైలుకు గౌరవం వచ్చింది, రాజుకు ఆపద వస్తేనే రైలుకు నియమం వచ్చింది.

ఈజిప్టులో అలాంటిదే నిజంగా జరిగింది. 1858లో సింహాసనానికి వారసుడైన అహ్మద్ రిఫాత్ ఎక్కిన రైలు కఫ్ర్ అల్ జయ్యాత్ దగ్గర నైలు నది దాటాల్సి వచ్చింది. అక్కడ ఇంకా వంతెన పూర్తి కాలేదు. పెట్టెలను బల్లకట్టు మీదకు ఎక్కించి దాటించేవారు. పెట్టెలు అదుపు తప్పి నదిలో పడ్డాయి, రాకుమారుడు మునిగిపోయాడు. దాంతో వారసత్వం ఇస్మాయిల్‌కు దక్కింది. సూయజ్ కాలువ ప్రారంభోత్సవానికి యూరప్ రాజులను పిలిచి వేడుక చేసిన ఇస్మాయిల్ ఈయనే. ఒక బల్లకట్టు మీద అదుపు తప్పిన పెట్టెలు ఒక దేశపు వంశచరిత్రను మార్చేశాయి.


రాజమండ్రి రవళి | శనివారం, మధ్యాహ్నం 1:15

స్టీమ్ బాబాయిగారూ, మీరు రాసింది చదువుతుంటే నా కళ్లలోనే నలుసు పడినట్టయింది.

రాణి మొదటి ప్రయాణం గురించి చెప్పుకునే కథ ఒకటి ఉంది. రాణిగారి బండి తోలే హక్కు తనదేనని రాజభవనపు సారథి పట్టుబట్టి, ఎర్ర కోటుతో ఇంజను మీదకు ఎక్కాడట. ప్యాడింగ్టన్ చేరేసరికి ఆ కోటు మసిగుడ్డలా తయారయిందట. మళ్లీ ఎప్పుడూ ఆ హక్కు అడగలేదట. ప్యాడింగ్టన్‌లో దిగాక ఆల్బర్ట్ "ఇంకోసారి ఇంత వేగం వద్దు" అన్నాడని కూడా చెబుతారు.

రాణి మాత్రం మర్నాడే మామయ్య లియోపోల్డ్‌కు ఉత్తరం రాస్తూ, దుమ్ము, రద్దీ, ఎండ లేకుండా అరగంటలో వచ్చేశామని, తనకు ఎంతో నచ్చిందని చెప్పింది. అప్పటి మట్టి రోడ్ల మీద గుర్రాల వెనక ప్రయాణమంటే ఒళ్లంతా దుమ్మే కదా. 'దుమ్ము లేదు' అన్న ఒక్క మాటలో ఆమె ఎందుకు ఎక్కిందో తెలిసిపోతుంది.

కానీ ఒక సందేహం. అంత నచ్చిన మనిషి తర్వాత వేగానికి ఎందుకు భయపడింది? పగలు గంటకు 40 మైళ్లు, రాత్రి 30 మైళ్లు దాటకూడదని ఆమె ఆజ్ఞ ఉండేదని చదివాను. మిగతా జనం 60 మైళ్ల వేగంతో తిరిగే రోజుల్లో కూడా ఆమె అదే పట్టు పట్టింది. ఇది పిరికితనం కాదా?


లీడ్స్ లలిత | శనివారం, మధ్యాహ్నం 2:50

పిరికితనం అనను రవళీ. అలవాటును వదలని మనిషి అంటాను. 1869లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ వుల్వర్టన్ కర్మాగారంలో ఆమెకు రెండు పెట్టెలు కట్టించింది. ఖర్చు 1,800 పౌన్లు, అందులో 800 పౌన్లు రాణి సొంతంగా ఇచ్చింది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెలోకి నడిచి వెళ్లేలా మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి మడతల దారి పెట్టారు. ఇంగ్లండులో అటువంటిది అదే మొదలు. కానీ బండి కదులుతుండగా ఆమె ఒక్కసారి కూడా ఆ దారిలో అడుగు పెట్టలేదు. పక్క పెట్టెలోకి వెళ్లాలంటే బండి ఆపాల్సిందే. కదిలే బండిలో భోజనం చేయడమూ ఇష్టం లేదు. స్కాట్లండులోని బాల్మోరల్ కోటకు వెళ్తూ దారిలో పెర్త్ స్టేషన్లో దిగి ఉపాహారం తీసుకునేది. తర్వాత ఆ పెట్టెలకు కరెంటు దీపాలు పెడితే, నాకు నూనె దీపాలూ కొవ్వొత్తులే బాగుంటాయి అంది.

ఆ పెట్టె కూడా యార్క్‌లోనే ఉంది. అద్దాల్లోంచి మాత్రమే చూడనిస్తారు. లోపల నీలి పట్టు, పైకప్పుకు కూడా దూది దట్టించి కుట్టిన మెత్తలు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ తిత్తి దారి కోసం ఎంతసేపు వెతికానో! ఎక్కడా కనపడలేదు. తర్వాత తెలిసింది, 1895లో రెండు పెట్టెలనూ కలిపి పన్నెండు చక్రాల మీద ఒకే పొడుగాటి పెట్టెగా చేశారు. ఆమె దాటడానికి ఇష్టపడని ఆ నాలుగు అడుగులు అలా మాయమయ్యాయి. 1897లో ఆమె పాలన వజ్రోత్సవానికి గ్రేట్ వెస్టర్న్ కంపెనీ కొత్త రైలు కట్టించినప్పుడు కూడా, ఆ కంపెనీ బండిలోని తన పాత పెట్టెను మాత్రం మార్చడానికి వీల్లేదు అందట.


కాజీపేట స్టీమ్ | శనివారం, సాయంత్రం 5:30

రవళమ్మా, పిరికితనం అన్న మాట నేను ఒప్పుకోను. రాత్రి 30 మైళ్లు అన్నది చాలా తెలివైన ఆజ్ఞ. చేతి బ్రేకుల బండికి, నూనె దీపం సిగ్నల్ రెక్కకు, మంచు పడే స్కాట్లండు కొండలకు అది సరైన వేగం. చిక్కేమిటంటే ఆ వేగం ఆమె బండికి మాత్రమే దక్కింది. అదే రాత్రి అదే పట్టాల మీద మామూలు జనాన్ని దాని రెట్టింపు వేగంతో తీసుకెళ్లారు.

ఆజ్ఞ ఇవ్వని రాజు సంగతి కూడా వినండి. రష్యా చక్రవర్తి మూడవ అలెగ్జాండర్. 1888 అక్టోబరు 29న క్రిమియా నుంచి రాజధానికి తిరిగి వస్తున్నాడు. పొడుగాటి, బరువైన పెట్టెల బండి, ముందు రెండు ఇంజన్లు, మితిమీరిన వేగం. ఖార్కివ్ దగ్గర బోర్కి అనే చోట పట్టాలు తప్పింది. 21 మంది అక్కడికక్కడే పోయారు. చక్రవర్తి కుటుంబం అప్పుడు భోజనశాల పెట్టెలో ఉంది. కూలిన పైకప్పును చక్రవర్తి తన భుజాల మీద మోసి పిల్లలను బయటకు పంపించాడని చెప్పుకుంటారు. ఆ భుజాల కథ రష్యా అంతా పాకింది, గుళ్లు కట్టారు, పూజలు చేశారు.

నాకు ఆ భుజాల కన్నా విట్టే అనే ఆయన ముఖ్యం. సెర్గీ విట్టే అప్పుడు నైరుతి రష్యా రైల్వేకు అధికారి. తన లైను మీద చక్రవర్తి బండి వచ్చినప్పుడు, ఇంత బరువుకు ఇంత వేగం పట్టాలు తట్టుకోవు అని నిక్కచ్చిగా చెప్పి వేగం తగ్గించాడు. మిగతా లైన్లవాళ్లు అభ్యంతరం చెప్పరు, నీ లైను మీదే ఎందుకు ఆలస్యం అని చక్రవర్తే విసుక్కున్నాడట. విట్టే లొంగలేదు. కొన్నాళ్లకు వేరొకరి లైను మీద బోర్కి జరిగింది. మరుసటి ఏడాది విట్టేను పిలిచి దేశపు రైల్వే వ్యవహారాల శాఖకు అధిపతిని చేశారు.

నా ఉద్యోగంలో నేనూ ఒకసారి కాషన్ ఆర్డరు, అంటే వేగం తగ్గించమని రాసిచ్చిన కాగితం, చేతిలో ఉండగా, వెనక పెట్టెలో పెద్ద మనిషి ఉన్నాడు, కాస్త లాగించు అన్న మాట విన్నాను. లాగించలేదు. గంటకు 20 కిలోమీటర్లు అని రాసి ఉంటే 20లోనే వెళ్లాను. ఆ తర్వాత మాటలు పడ్డాను. విట్టే పేరు నాకు అప్పటికి తెలియదు. తెలిసుంటే ఆ రాత్రి ఇంకాస్త ధైర్యంగా నిద్రపోయేవాణ్ణి.


నౌపడ పిల్ల | శనివారం, రాత్రి 8:02

బాబాయిగారూ, ఆ చివరి పేరా రెండుసార్లు చదివాను.

అందరూ పట్టు మెత్తల గురించి, భుజాల గురించి రాస్తున్నారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది పట్టాల పక్కన నిలబడినవాళ్ల గురించి. రాణి బండి వెళ్లాలంటే ఎంతమంది పని ఆగింది? ఎంతమంది మేలుకున్నారు?


లీడ్స్ లలిత | శనివారం, రాత్రి 9:20

చాలామంది, చెల్లీ. విండ్సర్ నుంచి బాల్మోరల్ దగ్గరి బల్లాటర్ స్టేషన్ దాకా 590 మైళ్ల దాకా ఉంటుంది. రాణి బండికి పావుగంట ముందు ఒక పైలట్ ఇంజను ఒంటరిగా నడిచేది. అది వెళ్లాక రాణి బండి దాటేదాకా ఆ లైను మీదకు మరో బండి రాకూడదు, దాన్ని అడ్డంగా దాటకూడదు. గేట్ల దగ్గర కాపలా, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లకు తాళాలు. పట్టాల వెంట ఒకరికొకరు కనిపించేంత దూరంలో మనుషులను నిలబెట్టేవారు. పగలు జెండాలు, రాత్రి లాంతర్లు. సంవత్సరానికి రెండుసార్లు ఈ తంతు.


కాజీపేట స్టీమ్ | శనివారం, రాత్రి 10:48

నౌపడ తల్లీ, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇది మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

మా నాన్న కీమన్. రోజూ తెల్లవారుజామున భుజాన సుత్తి, స్పానరు వేసుకుని తన బీటు మైళ్లు నడిచేవాడు. ప్రతి స్లీపరు దగ్గర ఆగి, పట్టాను పట్టి ఉంచే కీ వదులైతే కొట్టి బిగించేవాడు. సుత్తి దెబ్బ శబ్దం విని అది గట్టిగా ఉందో లేదో చెప్పేవాడు. నేను చిన్నప్పుడు ఆయన వెంట నడుస్తూ అదంతా ఆట అనుకునేవాణ్ణి.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒక పెద్ద నాయకుడి ప్రత్యేక రైలు రాత్రి మా సెక్షన్ మీదుగా వెళ్లాల్సి వచ్చింది. రాజుల కాలం పోయింది, పద్ధతి మాత్రం అదే. ముందు పైలట్, పాయింట్లకు క్లాంపు వేసి తాళం, పట్టాల వెంట మనుషులు. మూడు రోజుల ముందు నుంచి గ్యాంగు మొత్తం కంకర సర్దింది. ఆ రాత్రి నాన్న తన చేతి లాంతరును మా అమ్మ ముందు కూర్చుని తుడిచాడు. దానికి మూడు రంగుల అద్దాలు: తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ. పై కప్పు తిప్పితే రంగు మారుతుంది. చింతపండుతో ఇత్తడి మూత తోమి, ఒత్తి కత్తిరించి, కిరసనాయిలు గరాటుతో పోశాడు. ఒక చుక్క కింద పడితే అమ్మ మట్టితో అద్దింది. చలికాలం. అన్నం తినకుండానే వెళ్లాడు, తింటే నిద్ర వస్తుందని.

రాత్రంతా నిలబడాలి. లాంతరు కింద పెట్టకూడదు. పొద్దున వచ్చేసరికి చేతి వేళ్ల మీద లాంతరు తీగ పిడి ఆనవాలు ఎర్రగా పడి ఉంది. నేను ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను. ఇప్పటికీ గుర్తే.


చార్మినార్ చౌరస్తా | ఆదివారం, ఉదయం 8:30

స్టీమ్ గారికి పాదాభివందనం.

మన వైపు సంగతులు కొన్ని చేరుస్తాను. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ లైను 1874 అక్టోబరు 9న మొదలయింది. అప్పటికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఎనిమిదేళ్లు. పిల్లవాడి పేరు మీద రాజ్యం నడిపినవాడు దివాను సాలార్‌జంగ్. లైను మీద పేరు నిజాందే, డబ్బులో పెద్ద భాగం హైదరాబాద్ రాజ్యానిదే. కానీ ఆ లైను ఎటు పోవాలి, ఎందుకు పోవాలి అన్న నిర్ణయంలో బ్రిటిష్ వారి అవసరాలదే పైచేయి.

దీన్ని ప్రశ్నించిన మనిషి ఒకరున్నారు. 1883లో చాందా వైపు వేయదలచిన రైల్వే ఒప్పందం మీద బహిరంగంగా చర్చ జరగాలని కోరినందుకు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారిని హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. సరోజినీ నాయుడు గారి తండ్రి ఆయన. అప్పటికి ఆమె నాలుగేళ్ల పాప. రైలు లెక్క అడిగినందుకు ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది. నిజాం సెలూన్ల, అంటే ప్రత్యేక రైలుపెట్టెల, ఫొటోలు పంచుకునేవారు ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలని నా కోరిక. 1889లో సికింద్రాబాద్ లైను బెజవాడకు చేరాక గానీ తెలంగాణ నుంచి కోస్తాకు రైలు దారి పడలేదు.


వరంగల్ వకీలు | ఆదివారం, ఉదయం 9:10

మన దేశపు రాజుల్లో నాకు గౌరవం కలిగించేవారు ఎక్కినవారు కాదు, కట్టించినవారు. బరోడా ఖండేరావు గైక్వాడ్ 1862లో డభోయి నుంచి మియాగామ్ వైపు చిన్న పట్టాలు వేయించాడు. మొదట్లో పెట్టెలను లాగింది ఎడ్లు. పట్టాలు ఇంజను బరువును ఓర్చుకునేంత గట్టివి కావు. 1873లో గట్టి పట్టాలు వేశాక ఇంజన్లు పూర్తిగా నడిచాయి.

కొచ్చిన్ మహారాజు రామవర్మ షొరనూరు నుంచి ఎర్నాకుళానికి రైలు కోసం త్రిప్పూణిత్తుర ఆలయపు బంగారు నెత్తిపట్టాలు, అంటే ఏనుగుల నుదుటి ఆభరణాలు, అమ్మించాడని కేరళలో చెబుతారు. పదిహేనులో పద్నాలుగు అమ్మారట. 1902లో ఆ లైను తెరిచారు.


నౌపడ పిల్ల | ఆదివారం, ఉదయం 11:45

వకీలుగారూ, కట్టించిన రాజుల్లో మా రాజుగారిని మరిచిపోయారు!

పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన రాజధానిని కలకత్తా-మద్రాసు లైనుతో కలపాలని, మా నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు దాదాపు 40 కిలోమీటర్ల రైలు వేయించారు. ఖర్చు 7 లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న మొదలయింది. ఆ తర్వాత 1930 ప్రాంతంలో గుణుపురం దాకా పొడిగించారు. నౌపడ ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో, పర్లాకిమిడి ఒడిశాలో. రెండు రాష్ట్రాలయినా బండి ఒకటే.

రాణి ఎక్కిన గ్రేట్ వెస్టర్న్ పట్టాల మధ్య ఎడం ఏడడుగులు. మా రాజుగారి పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. మూరన్నర దాటి కొద్దిగా. చిన్నప్పుడు నేను ఒక పట్టా మీద ఒక కాలు, రెండో పట్టా మీద ఇంకో కాలు పెట్టి నిలబడేదాన్ని. పెట్టెలో ఎదురెదురు బల్లల మీద కూర్చుంటే మోకాళ్లు తగిలేవి. పాతపట్నం సంతకు వెళ్లే అమ్మమ్మ ఒడిలో కోడి, నా ఒడిలో సంచి, ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ ఒడిలో ఎవరిదో బిడ్డ. టెక్కలి, టెంబూరు, పాతపట్నం. బండి ఒక్కో స్టేషన్లో ఎంతసేపు ఆగేదంటే, దిగినవాళ్ల పేర్లన్నీ మాకు తెలిసేవి. "రాజుగారు తన కోసం వేయించుకున్నాడు కానీ ఎక్కింది మనమే" అనేది మా అమ్మమ్మ.

2004 జూన్‌లో ఆ చిన్న బండి ఆగిపోయింది. పెద్ద గేజిగా మార్చాక మళ్లీ నడుస్తోంది. సౌకర్యంగా ఉంది, కాదనను. కానీ ఎదుటివారి మోకాళ్లు తగలవు.


మైసూరు మల్లిక | ఆదివారం, మధ్యాహ్నం 3:30

నేను చాలా రోజులుగా చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

మైసూరు రైల్వే మ్యూజియంలో 1899 నాటి మహారాణి సెలూను ఉంది. వంటగది, భోజనాల గది, స్నానాల గది అన్నీ అందులోనే. మహారాజా సెలూను మాత్రం ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. 1899లో మైసూరును నిజంగా పాలిస్తున్నది రాణీగారే. భర్త 1894లో కాలం చేశాక, కొడుకు పెద్దవాడయ్యేదాకా వాణీవిలాస సన్నిధాన రాజ్యభారం మోశారు. అందుకే ఆ సెలూనును 'రాణి విలాసం' అని చూడబుద్ధి కాదు నాకు. ఆవిడ కార్యాలయం కూడా అదే అయి ఉంటుందని అనుకుంటాను.


రాజమండ్రి రవళి | ఆదివారం, సాయంత్రం 6:00

స్టీమ్ బాబాయిగారూ, పిరికితనం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వేగం గురించి వెతుకుతుంటే ఇంకొకటి దొరికింది. విక్టోరియా పార్థివదేహాన్ని ఆమె చనిపోయిన దీవి నుంచి తెచ్చాక, 1901 ఫిబ్రవరి 2న దక్షిణ తీరం నుంచి లండన్‌కు రైల్లో తీసుకెళ్లారు. ఫేర్‌హామ్ స్టేషన్లో బండి పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరింది. లండన్‌లో రాజులందరూ ఎదురుచూస్తున్నారు. దారిలో ఆలస్యాన్ని పూడ్చుకుని, రెండు నిమిషాలు ముందే చేరింది. కొన్నిచోట్ల 80 మైళ్ల వేగం అందుకుందని చెబుతారు. ఏ వేగాన్ని ఆమె జీవితమంతా వద్దందో, దానికి రెట్టింపు. అప్పుడు వద్దనడానికి ఆమె లేదు. విండ్సర్‌లో దిగాక శవపేటిక బండిని లాగాల్సిన గుర్రాలు మొరాయిస్తే, నావికులు తాళ్లు పట్టి లాగారు.

అది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.


వేదిక నిర్వాహకులు | ఆదివారం, రాత్రి 7:15

ఈ చర్చను ప్రధాన పుటలో నిలుపుతున్నాం. కాజీపేట స్టీమ్ గారూ, మీ నాన్నగారి లాంతరు ఇప్పటికీ మీ దగ్గర ఉంటే ఒక ఫొటో పెట్టగలరా?


పాతపటాలు | సోమవారం, సాయంత్రం 5:50

ఈ రోజు తరగతిలో మీరందరూ రాసింది చదివి వినిపించాను. అడిలేడ్ రాణి కాళ్ల పెట్టె దగ్గర పిల్లలు నవ్వారు. బోర్కి దగ్గర నిశ్శబ్దమయ్యారు. నౌపడ రైలు గురించి చదివితే, మనమూ వెళ్దాం మాష్టారూ అని గోల చేశారు.

స్టీమ్ గారి నాన్నగారి సంగతి చదివాక, మొదట ప్రశ్న అడిగిన అమ్మాయే మళ్లీ చెయ్యెత్తింది. "లాంతరు పట్టుకుని రాత్రంతా నిలబడ్డాడు కదా, మరి లోపలున్న ఆ పెద్ద మనిషిని చూశాడా?" అని అడిగింది. ఆయన్నే అడిగి చెబుతానన్నాను.


కాజీపేట స్టీమ్ | సోమవారం, రాత్రి 9:35

లాంతరు ఉంది నిర్వాహకులుగారూ, రేపు పగటి వెలుతురులో ఫొటో తీసి పెడతాను. ఎర్ర అద్దం పగిలింది, మిగతా రెండూ బాగున్నాయి.

మాష్టారూ, పాపకు చెప్పండి. అదే ప్రశ్న ఆ రోజు పొద్దున నేనూ నాన్నను అడిగాను. చూడలేదన్నాడు. కిటికీలకు తెరలు దించి ఉన్నాయట. ఇంజను వెలుగు ముఖం మీద పడేసరికి కళ్లు మూతపడ్డాయట. తెరిచేసరికి పెట్టెలన్నీ దాటిపోయి, చివర గార్డు పెట్టె ఎర్రదీపం ఒక్కటే కనిపించిందట. అది మలుపు తిరిగేదాకా ఆకుపచ్చ దీపం చూపిస్తూ నిలబడి, ఆ తర్వాత లాంతరు ఆర్పి, ఇంటికి నడిచి వచ్చానన్నాడు.